పాతకాలపు పొదిగింపు

నగల యంగడికి బోయినవారి కిప్పుడొక వింత కనబడుచున్నది. అద్దపు పెట్టెలో నన్నిటికంటె ముందువరుసను పెట్టిన యుంగరములు నిన్న మొన్న చేసినవే యయ్యును క్రొత్తవిగా గానరావు. బంగారమునకు బుద్ధిపూర్వకముగా నలుపు పట్టించి, రాతిచుట్టును మందమైన గట్టు కట్టి, ముత్తవ్వ పెట్టెలోనుండి యిప్పుడే తీసినట్లు వానిని దిద్దియుందురు. ఎనుబదియేండ్ల యుంగరమును ఎనిమిది దినములలో చేయగల యీ నేర్పు మెచ్చదగినదే.

గత సంవత్సరము మా మిత్రులొకరి యింట పెండ్లి యయ్యెను. పెండ్లికూతురి యమ్మమ్మకు చిన్ననాట పెట్టిన యుంగరమొకటి యుండెను. నడుమ నొక కెంపు, చుట్టును ఆఱు కెంపులు, పూవువలె కూర్చినది. వెనుకతట్టు పూర్తిగా మూసిన పాతపని. అది మోటుగా నున్నదని తలచి పెద్దలు దానిని పట్టణములోని యొక యంగడికి గొనిపోయి మార్పిడి కిచ్చిరి. అంగడివారు కెంపులను పెఱికి కాగితపు పొట్లములో చుట్టి చేతికిచ్చిరి; రాళ్లకు వెల లేదనిరి. లోపలి లక్కను తీసివైచిరి. తక్కినదానిని కరగించి, నిలిచిన బంగారమునకు మాత్రము వెల కట్టిరి. ఆ సొమ్మునకు మఱికొంత చేర్చి, తరుగును మజూరియు ఇచ్చుకొని వీరు తెచ్చిన క్రొత్త యుంగరమెట్టిది? నడుమ నొక యెఱ్ఱరాయి, చుట్టును ఆఱు రాళ్లు, పూవువలె కూర్చి నలుపు పట్టించినది! పాతది పాతదగుటచే పోయెను. క్రొత్తది పాతదానివలె నుండుటచే వచ్చెను.

కొన్నినాళ్లకు ఆ పిల్ల మా యింటికి వచ్చినప్పుడు పొట్లము విప్పి కెంపులను చూపి, “ఇట్టి పాతకాలపు పని యీనాటి చేతికి బాగుండునా, బాబాయిగారూ?” యని యడిగెను. అప్పటికి నవ్వి యూరకుంటిమి. కాని యా ప్రశ్న చిన్నది కాదు. సొగసు కంటికి సంబంధించినదని యందఱు నందురు. కన్ను చూచునది వెలుతురులో గదా! ఏ వెలుతురులో, ఎట్టి చేతిమీద చూచుటకు ఒక నగను చేసిరో తెలియనివారికి అది మోటుగా దోచుట నగయొక్క దోషము కాదని మా తలంపు. దీనిని విచారించుటకు కొంచెము వెనుకకు బోవలెను.

రాతిని బంగారములో నిలుపుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. సన్నని గోళ్లతో పట్టి నిలుపుట యొకటి. చుట్టును బంగారముతో కప్పి నిలుపుట మఱియొకటి. మన పద్ధతి వేఱని నాలుగువందల యేండ్లకు పూర్వమే గుర్తించి వ్రాసినవాడు అక్బరు కొలువులోని అబుల్ ఫజలు. తక్కిన దేశముల పనివారు రత్నములను వానికై చేసిన గూళ్లలో బిగింతురనియు, హిందూస్థానమున మాత్రము కుందనముతో నిలుపుదురనియు ఆయన ‘ఐనీ అక్బరీ’లో చెప్పియున్నాడు. కుందనమనగా మిక్కిలి శుద్ధిచేసిన మేలిమి బంగారము. ఈ మాట మనకు పరాయిది కాదు. అందమైన పిల్లను కుందనపు బొమ్మయని పిలుచుట తెలుగింట నెవ్వ రెఱుగరు?

ఈ పనిలోని రహస్యమంతయు మేలిమియొక్క మెత్తదనములో నున్నది. ముందుగా పలుచని బంగారపు రేకుతో నగకు గూడు కట్టుదురు. గూటిలో లక్క నింపుదురు. లక్కపై తళుకు రేకు పఱచి, దానిపై రాతి నుంచుదురు. పిమ్మట మేలిమి బంగారమును సన్నని పోగులుగా చేసి, రాతియంచున నుంచి, ఉక్కు పనిముట్టుతో నొక్కుచు నెట్టుచు పోవుదురు. శుద్ధమైన బంగారము నిప్పు తగులకయే తనలో తాను అతుకుకొనును. అందుచేత ఎంత సున్నితమైన రాతినైనను వేడిమిచే చెడగొట్టకుండ పొదుగవచ్చును. వంకరరాళ్లకును, పగులున్న రాళ్లకును ఇంతకంటె దయగల మార్గము వేఱొకటి లేదు. వెనుకతట్టున మీనాపని చేయించుటయు గలదు. ధరించినవారి చర్మమునకు తప్ప మఱెవ్వరికి గానరాని ఆ తట్టున పూవులును చిలుకలును వ్రాయించిన పూర్వుల మనస్సు మాకెప్పుడును ఆశ్చర్యము గొల్పుచుండును.

రాతివెనుక తళుకు రేకు వేయుట మోసము గదా యని నేటివారు శంకింతురు. ఇది తూర్పుదేశముల మాయ యని పలికినవారును గలరు. కాని బెన్వెనూతో చెల్లినీ యను ఇటలీ శిల్పి 1568వ సంవత్సరమున ప్రచురించిన స్వర్ణకారగ్రంథములో ఏ రత్నమునకు ఏ రేకు వేయవలెనో వివరముగా చెప్పియున్నాడు. ఐరోపాలో రాతిని గోళ్లతో పట్టినను వెనుకతట్టు మూసి రేకు వేయుట పదునెనిమిదవ శతాబ్దమంతయు సామాన్యముగా నుండెను. దీపపు వెలుతురు చాలని కాలమది. నూనెదీపముగాని, మైనపువత్తిగాని వెలుగుచున్న గదిలో రాతిలోనికి బోయిన కొంచెపు వెలుగును వెనుకకు మరల్చుటకు రేకు తోడ్పడెను. అట్టి దీపముకడ మూసిన పొదిగింపులోని కెంపు నిప్పుకణికవలె లోపలినుండి వెలుగును. కదలినప్పుడు తళుక్కుమనదు, నిలిచి కాంతినిచ్చును. మిద్దెయింటి లోపలి గదిలో పూజాదీపమునొద్ద అమ్మమ్మ చేతి యుంగరమును చూచినవారికి మేము చెప్పబని లేదు.

వెలుగు మాఱెను, దానితో చూపును మాఱెను. పదునెనిమిదవ శతాబ్దపు మొదటిపాదము ముగియువఱకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే పోయెను. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో అఱువదివేలమంది పనిచేయుచుండిరని 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున తవెర్నియే వ్రాసెను. మన పనివారు రాతిబరువు పోకుండ, సహజమైన రూపమునకు అక్కడక్కడ మెఱుగు పెట్టి విడిచెడివారు. పిదప బ్రెజిల్ దేశమునను, 1867 తరువాత దక్షిణాఫ్రికాయందును గనులు బయలుపడి వజ్రములు రాసులుగా వచ్చుటతో, బరువు పోయినను సరే, తళుకు మిక్కుటముగా నుండవలెనను కోరిక బలపడెను. 1879లో ఎడిసన్ విద్యుద్దీపమును వెలిగించి చూపెను. 1886లో న్యూయార్కులోని టిఫనీవారు ఆఱు గోళ్లతో వజ్రమును బంగారముపైకెత్తి పట్టిన యుంగరమును వెలువరించిరి. పైనుండి చొచ్చిన వెలుగు అడుగుపలకలను తాకి మరల పైకే వచ్చుటకు రాతి నెట్లు కోయవలెనో 1919లో టోల్కోవ్‌స్కీ గణితముతో నిరూపించెను. ఇట్లు కోసిన రాతికి రేకు అక్కఱలేదు. నేడు మనకు ‘ఉంగరము’ అనగానే కనులయెదుట నిలుచు రూపము విద్యుద్దీపమునకు పుట్టిన బిడ్డ.

క్రొత్తచూపు పాతరాతిని చూచినప్పుడేమగునో తెలిసికొనుటకు కోహినూరు కథ చాలును. రణజిత్సింగు మహారాజు దానిని బాహుపురిలో, మనదేశపు పొదిగింపున ధరించుచుండెను. 1849లో పంజాబుతోపాటు రాతిని ఆంగ్లేయులు హరించిరి. 1851లో లండను మహాప్రదర్శనమున దానిని చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చి, ఇదియేనా యని పెదవి విఱిచి మరలిపోయిరి. చుట్టును దీపములు పెట్టి చూపినను వారికి తృప్తి కలుగలేదు. మఱుసటి సంవత్సరము ఆంస్టర్‌డాం పనివారిని రప్పించి కోయించిరి. ముప్పదియెనిమిది దినముల పనిలో 186 క్యారెట్లుగా లెక్కించిన రాయి 106 క్యారెట్లకు లోబడెను. ఇంచుమించు నూటికి నలుబది పాళ్లు పొడియై పోయెనన్నమాట! ఆ బాహుపురి నేటికిని ఆంగ్లరాజుల భాండాగారమున నున్నది. దానిలో స్ఫటికపు నకలురాయి పెట్టియున్నారు. మా మిత్రుని యింటి కెంపుల కథయు, ఈ కథయు నొక్కటియే కాదందురా?

పరులు చేసిరని వారిని మాత్రమే తప్పుపట్టరాదు. 1928లో పటియాలా మహారాజు తన రత్నములను పారిసు నగరమందలి కార్టియర్ వారికిచ్చి, ప్లాటినములో 2,930 వజ్రములతో హారము చేయించుకొనెను. ఆ దినములలోనే ఆ కార్టియర్ వారే మన దేశమునుండి ఆకులవలె చెక్కిన కెంపులను పచ్చలను తెప్పించుకొని, హిందూదేశపు తీరని పేరు పెట్టి, తమ దొరసానులకు క్రొత్త నగలు చేసి యమ్ముచుండిరి. మన రాజులు తమ పాతదనమును వదలించుకొనుటకు పోయిన వీథిలోనే ఆ పాతదనము ఫ్యాషనుగా అమ్ముడుపోయెను. చదువరులు దీనిని చదివి నవ్వుదురుగాక. మాకు నవ్వు సగమే వచ్చినది.

పనివాని దెబ్బ వేఱొకతట్టునుండి వచ్చినది. బంగారపు వాడుకను అరికట్టదలచి ప్రభుత్వమువారు 1963లో క్రొత్త నగలు పదునాలుగు క్యారెట్ల బంగారమునకు మించి చేయరాదని శాసించిరి. మేలిమిలేనిదే సాగని కుందనపు పనివాడు ఏమి చేయగలడు? ఎందఱో కంసాలులు కొలుములను ఆర్పి వేఱుపనులకు పోయిరి. 1968 నాటి బంగారపు నియంత్రణ చట్టము 1990లో రద్దయినది. చట్టము తొలగినంతమాత్రమున మఱచిన చేతిపని తిరిగిరాదు. నేటి పాతకాలపు ఉంగరములలో పెక్కు మైనపు అచ్చులో పోసినవి. వానిని గుర్తుపట్టుట కష్టము కాదు. నిజముగా పాతబడిన యుంగరము అఱచేతివైపున, ప్రక్కవ్రేళ్లు ఒరయుచోట్ల అరిగియుండును. ఈ క్రొత్తవానిలో నలుపు పల్లములలో పూసియుండును గాని అరుగుదల యెచటను ఉండదు.

ఐనచో పాతతీరు నేటికి చెల్లదా? తప్పక చెల్లును. ఇందుకు లోకమంతయు చూచిన నిదర్శన మొకటి కలదు. 1840లో విక్టోరియా రాణికి పెండ్లికి ముందునాడు ఆల్బర్టు ఒక నీలపు పతకము నిచ్చెను. నడుమ పెద్ద నీలము, చుట్టును పండ్రెండు వజ్రములు. ఈ పూవుతీరుననే 1981లో డయానాకు నిశ్చితార్థపు టుంగరము వచ్చెను: కోడిగ్రుడ్డు రూపమున పండ్రెండు క్యారెట్ల సింహళపు నీలము, చుట్టును పదునాలుగు వజ్రములు. అది ప్రత్యేకముగా చేయించినది కాదు; ఆభరణశాలలో నున్నవానిలో నెన్నుకొన్నది. 2010లో ఆ యుంగరమే ఆమె కోడలి వ్రేలికి చేరెను. దానిని విప్పి క్రొత్తగా కట్టింపవలెనని వారికి తోచకపోవుట మంచిదయ్యెను. ఆ తీరు నిలుచుటకు కారణము రాజకుటుంబము మాత్రమే కాదు. నడిమిరాయి రంగు నిచ్చును, చుట్టురాళ్లు వెలుగు నిచ్చును; దేని పని దానిది. ఇట్టి కూర్పు ఏ దీపము క్రిందనైనను పొసగును.

మన మూసిన పొదిగింపును గూర్చి మాత్రము మేము అంత నిర్భయముగా చెప్పజాలము. దానికి నీరు పగ. సబ్బునీరు సందున దూరి రేకును తాకెనా, రాయి మసిబాఱును. ఉంగరమును పండుగనాడు తీసి మరల పెట్టెలో దాచు చేతికి అది తగినది. గిన్నెలు తోమి, బట్టలుతికి, కార్యాలయమునకు పోవు చేతికి తగదు. రెండవది, మూసినవెనుక గాజుపెంకున్నను కెంపని నమ్మవచ్చును. అంగడివారు పాతరాళ్లకు వెల లేదనుటకు ఇదియు నొక సాకు. 2021లో బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి చేసినప్పుడు కుందనము, పోల్కి, జడావు పనులకు మినహాయింపు నిచ్చిరి. కాబట్టి ఇట్టి నగ కొనువారు రాళ్లబరువెంత, లక్కబరువెంత, బంగారమెంత యని విడివిడిగా వ్రాయించుకొనక లక్కకు బంగారపు వెల నిచ్చి వచ్చుట తగదు. ఈ మాట అడుగుటకు మన స్త్రీలు సిగ్గుపడనక్కఱలేదు. అడిగినచో ముఖము చిట్లించు నంగడిని విడిచి వేఱొక యంగడికి పోవచ్చును.

ఆ కెంపుల పొట్లమును తీసికొని మేమును ఆ పిల్లయు మా వీథి చివరనున్న వృద్ధుడగు కంసాలికడకు పోతిమి. అతడు రాళ్లను తెల్లని గుడ్డమీద పోసి, కిటికీకడకు జరిగి, ఒక్కొక్కదానిని పట్టుకఱ్ఱతో నెత్తి చూచి, ఏడును కెంపులే యనెను. పాతపద్ధతిని పొదుగగలడా యని మేమడుగుచుండగనే అతడు పిల్లవైపు తిరిగి, “చేయి తఱుచు నీళ్లలో పెట్టుదువా, తల్లీ?” యనెను. పిల్ల ఆస్పత్రిలో వైద్యురాలు. దినమునకు నలుబదిమార్లైన కడుగుదునని చెప్పెను.

“ఐతే రేకు వద్దమ్మా. వెనుక తెఱచి కట్టెదను. ఎఱుపు కొంచెము తేలుతుంది, దానికేమి? పూవు మాత్రము మీ అమ్మమ్మదే,” యని చెప్పి, ఉంగరపు కొలత తీసికొనుటకు నూలుపోగు కొఱకు వెదకసాగెను.