చక్ నెంబరు 25 సుబేదారు

ప్రతి ఆగస్టు 15కీ ఎవరో ఒకరు మాకు అబ్దుల్ హమీద్ పేరు వినిపిస్తారు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి ప్రాణమిచ్చిన పరమవీర చక్ర. మేమూ ఆ పేరు సర్టిఫికెట్టులా జేబులోంచి తీసి చూపిస్తుంటాం. ఎవరి పక్షాన నిలబడతావని ముసల్మానుని అడగడం మాత్రం 1947 తర్వాత మొదలైంది కాదు. అంతకు ముప్పై మూడేళ్ల ముందు, బెల్జియం కందకాల్లో ఉన్న సిపాయినీ అడిగారు.

ఆ సిపాయి ఖుదాదాద్ ఖాన్. 1888లో చక్వాల్ దగ్గర డబ్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్ పంజాబు. వాన పడితేనే పంట. అక్కడివాళ్లు ఆ నేలని బారానీ అంటారు, మనం మెట్ట అంటాం. వాన మీద ఆధారపడ్డ ఇంట్లో నెలజీతం తెచ్చేవాడు ఒకడుండాలి. అందుకే ఆ పల్లెల కుర్రాళ్లు ఫౌజుకి పోయారు. తెల్లదొరలు దీన్ని కరువు అనలేదు, వీరజాతి లక్షణం అన్నారు. ఆ లెక్క ప్రకారమే తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చి, 19వ శతాబ్దం చివర్లో మన భర్తీ ఆపేశారు. తమాషా ఏమిటంటే, కంపెనీ సిపాయికి హిందూస్తానీలో 'తిలంగా' అన్న పేరు మనవాళ్ల వల్లే వచ్చింది!

ఖుదాదాద్ 129వ బలూచీ పటాలంలో సిపాయి. 1914 శరత్కాలంలో ఆ పటాలం ఫ్రాన్సులో దిగింది. అక్టోబరు 31న హోలబెక్ దగ్గర జర్మన్లు విరుచుకుపడ్డారు. పటాలానికున్న రెండు మెషిన్‌గన్లలో ఒకటి గుండు తగిలి పోయింది. తెల్ల ఆఫీసరు గాయపడ్డాడు. రెండో గన్ను దగ్గరున్న ఆరుగురిలో అయిదుగురు చచ్చిపోయారు. గాయాలతోనే గన్ను నడిపిన ఆరోవాడు ఖుదాదాద్. చచ్చాడనుకుని శత్రువు వదిలేస్తే పాక్కుంటూ వెనక్కి వచ్చాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1856లో పెట్టిన ఆ పతకానికి 1911 దాకా భారతీయ సిపాయికి అర్హతే లేదు. మనవాళ్లలో దాన్ని గెలిచిన మొదటివాడు ఇతనే.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. హోలబెక్‌కి రెండు రోజుల ముందు, అక్టోబరు 29న, టర్కీ నౌకలు రష్యా రేవుల మీద గుళ్లు కురిపించాయి. నవంబరు 5న బ్రిటన్ టర్కీ మీద యుద్ధం ప్రకటించింది. 14న ఇస్తాంబుల్‌లో ఖలీఫా పేర జిహాద్ ప్రకటన. డిసెంబరు 7న లండన్ గెజెట్‌లో ఖుదాదాద్ పేరు. పతకం ధైర్యానికే ఇచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. కాని ఆ నెలలో ఒక ముసల్మాను వీరుడు దొరకడం దొరలకు ఎంత అవసరమో ఊహించుకోండి. అదే రోజు గఢ్వాలీ దర్వాన్ సింగ్ నేగీకీ ఆ పతకమే ప్రకటించారు. నీ మతం ఏమంటోందని ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

అనుమానానికి ఆధారాలు లేవని నేననను. 1915 ఫిబ్రవరిలో సింగపూరులో ముస్లిం సిపాయిల పటాలం తిరగబడింది. నలభైమందికి పైగా సిపాయిల్ని జనం ముందు నిలబెట్టి కాల్చారు. మార్చిలో మీర్ మస్త్ అనే అఫ్రీదీ జమేదారు కొందరితో జర్మన్లలో కలిసిపోయాడు. ఏప్రిల్‌లో ఈప్రె దగ్గర విషవాయువు మధ్య పోరాడి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న మీర్ దస్త్ అతని సొంత అన్నదమ్ముడే. ఒక తల్లి బిడ్డలు, ఒకే నమాజు. వీళ్లలో అసలు ముసల్మాను ఎవరని తేలుస్తారు?

యుద్ధం తర్వాత ఖుదాదాద్ సుబేదారు దాకా ఎదిగి, పింఛను పుచ్చుకుని, మళ్లీ నేల దగ్గరికే పోయాడు. ఈసారి డబ్‌కి కాదు, జీలం నది అవతలికి. అక్కడ సర్కారు కాలువలు తవ్వి, బీళ్లను సాగులోకి తెచ్చి, ఫౌజు చేసినవాళ్లకి పంచింది. ఆ ఊళ్లను చక్ అనేవాళ్లు. చాలావాటికి నెంబరే పేరు. ఖుదాదాద్ ఊరు చక్ 25, దానికే రుఖన్ అని ఇంకో పేరు. చరిత్ర పుస్తకాలు హోలబెక్‌లో ఒక్కరోజు గురించి రాసి ఆగిపోతాయి. కాలువ నీటి కింద గడిచిన ఆ దశాబ్దాల గురించి రాయవు. పతకం కంటే నీళ్లు పారే చేను ఆయనకి పెద్ద గెలుపు అయి ఉంటుందని, మెట్ట రైతు ఇంట్లో పుట్టిన నాకు అనిపిస్తుంది.

1947లో ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఊరు కదల్లేదు, దేశం మారింది. అప్పట్నుంచి ఆయన పాకిస్తానీ. మన బడిపుస్తకాల్లో ఆయన పేరు నాకెక్కడా కనపడలేదు. ఆ యుద్ధంలో చనిపోయిన 74 వేలమంది భారత సిపాయిల్లో ఎవరు ఏ దేశానికి చెందుతారో పంచుకోవడం కూడా విభజనలో ఒక భాగమే కాబోలు.

1971 మార్చి 8న రావల్పిండిలో ఖుదాదాద్ కన్నుమూశాడు. పదిహేడు రోజులకి, మార్చి 25 రాత్రి, ముసల్మాన్ల కోసమని ఏర్పడ్డ దేశపు సైన్యం ఢాకాలో తన సాటి ముసల్మాన్ల మీదే కాల్పులు మొదలుపెట్టింది. అప్పటికి సుబేదారుని చక్ 25 మట్టిలో పూడ్చిపెట్టారు.