గ్లయోమాలో కొవ్వు జన్యువులు

మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల నుంచి పుట్టే కణితులను గ్లయోమాలు అంటారు. వీటిలో అతి ఉగ్రమైనది గ్లయోబ్లాస్టోమా. కొవ్వును తయారుచేసే, దాచిపెట్టే, కాల్చే జన్యువులు ఈ కణితుల్లో దారి తప్పుతాయి. ఆ మార్పులను బట్టి రోగి పరిస్థితిని ముందుగా అంచనా వేయవచ్చా, వాటినే దెబ్బతీసి చికిత్స చేయవచ్చా అన్న పరిశోధన గత ఇరవై ఏళ్లలో ఊపందుకుంది. అంతకు ముందే, 1990ల తొలి ఏళ్లలో, హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) వైద్యులు గామా లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని నేరుగా మెదడు కణితిలోకి ఎక్కించి చూశారు. తెలుగునాట ఈ కథ అక్కడి నుంచే చెప్పుకోవాలి.

శరీరంలో ఆ ఆమ్లానికి ముడిసరుకు కర్నూలు జిల్లా పడమటి మండలాలకు బాగా తెలిసినదే. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలోనే పేరున్నది. అక్కడా ఎమ్మిగనూరు చుట్టుపక్కలా పత్తి, శెనక్కాయ రైతు ఇంటి పంటలు. జిన్నింగ్ మిల్లులో దూది వేరయ్యాక గింజ నూనె మిల్లుకు పోతుంది, మిగిలిన చెక్క పశువుల దాణా అవుతుంది. పత్తిగింజల నూనెలో సగం దాకా ఉండేది లినోలిక్ ఆమ్లం. శెనగనూనెలో ఒలియిక్ ఆమ్లానిది మొదటి స్థానం, లినోలిక్‌ది రెండోది. మనం తిన్న లినోలిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని శరీరం గామా లినోలెనిక్ ఆమ్లంగా మార్చుకుంటుంది. ఆ పని చేసే ఎంజైము డెల్టా-6 డీశాచురేజ్. దాన్ని తయారుచేసే ఎఫ్‌ఏడీఎస్2 జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది.

హైదరాబాదు ప్రయోగాలు

కొవ్వు ఆమ్లాల మీద పరిశోధనకు పేరుపొంది, 1992లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్న యు.ఎన్. దాస్ ఈ ప్రయోగాలకు మూలపురుషుడు. గామా లినోలెనిక్ ఆమ్లంలో మూడు ద్విబంధాలుంటాయి. అలాంటి కొవ్వు ప్రాణవాయువుతో తొందరగా చర్య పొందుతుంది. పాత నూనె ముక్కవాసన కొట్టడానికి కారణమైన ఆక్సీకరణే ఇది. ప్రయోగశాలలో ఈ ఆమ్లాన్ని కలిపినప్పుడు క్యాన్సర్ కణాల్లో ఆ ఆక్సీకరణ పెరిగి అవి చచ్చాయి, మామూలు కణాలు చాలావరకు తట్టుకున్నాయి. రక్తంలో ఎక్కిస్తే మెదడు దాకా ఎంత చేరుతుందో నమ్మకం లేదు కాబట్టి, నేరుగా కణితిలోకే పంపాలని నిర్ణయించారు.

తొలి ఫలితాలు 1992లో వెలువడ్డాయి. 1995లో వచ్చిన రెండో పత్రంలో ప్రసిద్ధ నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి కూడా సహరచయిత. సీటీ స్కాన్లలో కణితి తగ్గినట్టు, చెప్పుకోదగ్గ దుష్ప్రభావాలు లేనట్టు ఆ వైద్యులు రాశారు. 2003లో ఢిల్లీ వైద్యులు దాస్‌తో కలిసి మరికొందరు రోగులకు ఇలాంటి చికిత్సే చేసి ఫలితాలు ప్రచురించారు.

అయితే ఇవన్నీ కొద్దిమంది రోగుల మీద జరిగినవి, పోల్చి చూడటానికి మందు ఇవ్వని వర్గం లేనివి. కణితిని కోసి తీయడం వంటి ఇతర చికిత్సల వల్ల కలిగిన మేలు ఎంత, ఆమ్లం వల్ల కలిగింది ఎంత అన్నది అలాంటి అధ్యయనం తేల్చలేదు. అందుకే ఈ చికిత్స ప్రామాణిక వైద్యంలో చేరలేదు. కానీ ఆలోచన మాత్రం చావలేదు. ఇనుము సాయంతో కణపొరల్లోని కొవ్వు ఆక్సీకరణ చెంది కణం చచ్చిపోయే పద్ధతికి 2012లో అమెరికా శాస్త్రవేత్తలు ఫెర్రోప్టోసిస్ అని పేరు పెట్టారు. బహు అసంతృప్త కొవ్వు ఆమ్లాలను కణపొరలోకి చేర్చే ఏసీఎస్ఎల్4 జన్యువు దీనికి దారి తీస్తుంది, జీపీఎక్స్4 జన్యువు అడ్డుకుంటుంది. గ్లయోమాలో ఈ రెండింటి మీదా ఇప్పుడు విస్తారంగా పని జరుగుతోంది. హైదరాబాదులో వాడి చూసిన ఆయుధం పనిచేసే తీరుకు జన్యుభాషలో వివరణ దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట.

కణితి చేసే కొవ్వు వ్యాపారం

నీటిని మినహాయిస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వులే. శరీరంలోని మొత్తం కొలెస్ట్రాల్‌లో సుమారు ఐదో వంతు మెదడులోనే ఉంటుంది. రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి పోదు, మెదడే తనకు కావలసింది తయారుచేసుకుంటుంది.

గ్లయోబ్లాస్టోమాల్లో దాదాపు సగం కేసుల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువు ప్రతులు విపరీతంగా పెరుగుతాయి. అక్కడి నుంచి వెళ్లే సంకేతం ఎస్ఆర్ఈబీపీ-1 అనే నియంత్రకాన్ని మేల్కొలుపుతుంది. అది కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎఫ్ఏఎస్ఎన్ జన్యువును, కొలెస్ట్రాల్‌ను లోపలికి లాక్కునే ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని పెంచుతుంది. కణం చుట్టుపక్కల నుంచి లాక్కున్న కొలెస్ట్రాల్ మితిమీరితే ప్రమాదం కాబట్టి, ఎస్ఓఏటీ1 ఎంజైము దాన్ని కొవ్వు బిందువులుగా మార్చి దాస్తుంది. ఈ బిందువులు గ్లయోబ్లాస్టోమాలో సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి, మామూలు మెదడు కణజాలంలో కనిపించవు. 2016లో వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనం ప్రకారం ఎస్ఓఏటీ1 ఎక్కువున్న రోగులు తక్కువ కాలం బతికారు.

రోగ గమనం

ఇలాంటి జన్యువులను పదో పదిహేనో కలిపి ప్రమాద సూచికలు తయారుచేసిన పత్రాలు పుష్కలంగా వచ్చాయి. చాలావరకు అమెరికా, చైనా సమాచార నిధులను కంప్యూటర్లో జల్లెడ పట్టి చేసినవే. ఒక పత్రంలోని జాబితా మరో పత్రంలో ఉండదు. వాటిలో ఏ ఒక్కటీ ఆస్పత్రి ల్యాబు దాకా రాలేదు.

అక్కడి దాకా వచ్చినవాటిలో ముఖ్యమైనది ఐడీహెచ్1. కొవ్వు తయారీకి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్‌ను కణానికి అందించే జన్యువుల్లో ఇదొకటి కాబట్టి కొవ్వు జీవక్రియకు దగ్గరి చుట్టమే. గ్లయోబ్లాస్టోమాలో దీని మార్పును 2008లో గుర్తించారు. ఆ మార్పు ఉన్న కణితి నెమ్మదిగా పెరుగుతుంది, రోగి ఎక్కువ కాలం బతుకుతాడు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం పెద్దవారిలో ఐడీహెచ్ మార్పు ఉన్న కణితిని గ్లయోబ్లాస్టోమా అనకూడదు.

చికిత్స

గ్లయోబ్లాస్టోమాకు ప్రధాన చికిత్స 2005 నుంచి పెద్దగా మారలేదు. వీలైనంత కణితి తీసేసి, రేడియేషన్‌తో పాటు టెమొజొలొమైడ్ మాత్రలు ఇస్తారు. ఆ ఏడాది వెలువడిన పరీక్షలో రేడియేషన్ మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలం 12.1 నెలలు, మాత్రలు కూడా పొందినవారిది 14.6 నెలలు. రెండేళ్లు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఎంజీఎంటీ జన్యువు మూగబోయిన కణితుల్లో మాత్రలు ఇంకా బాగా పనిచేస్తాయి. ఐడీహెచ్ మార్పు ఉన్న రెండో గ్రేడు కణితులకు వొరాసిడెనిబ్ మాత్రను అమెరికా 2024 ఆగస్టులో అనుమతించింది.

కొవ్వు తయారీని నేరుగా అడ్డుకునే మందుల్లో ముందున్నది ఎఫ్ఏఎస్ఎన్‌ను ఆపే డెనిఫాన్‌స్టాట్. కణితి తిరగబెట్టిన 25 మందికి దీన్ని బెవాసిజుమాబ్‌తో కలిపి ఇచ్చి చూశాక, చైనాలో మూడో దశ పరీక్ష మొదలుపెట్టారు.

ఆదోని, ఎమ్మిగనూరు రోగి మొదట ఫిట్స్‌తోనో, తెల్లవారుజామున వచ్చే తలనొప్పి, వాంతులతోనో డాక్టరు దగ్గరికి వస్తాడు. స్కానులో గడ్డ కనిపించాక కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికో, సరిహద్దు దాటి బళ్లారికో, స్థోమతను బట్టి హైదరాబాదుకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో పోతారు. ఇంటివాళ్లు ముందుగా అడిగేది పథ్యం గురించే: నూనె మానాలా, శెనక్కాయ చట్నీ పెట్టవచ్చా? కణితి వాడుకునే కొవ్వు చాలావరకు అది స్వయంగా తయారుచేసుకున్నదో పక్క కణాల నుంచి లాక్కున్నదో. నూనె మానేస్తే అది ఎండిపోదు. రేడియేషన్ రోజుల్లో మనిషి చిక్కిపోవడమే పెద్ద నష్టం. పిండిపదార్థం తగ్గించి కొవ్వు పెంచే కీటోజెనిక్ ఆహారం మీద జరిగినవి చిన్న అధ్యయనాలే, ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. వాపు తగ్గించే డెక్సామెథసోన్ రక్తంలో చక్కెర పెంచుతుంది కాబట్టి మధుమేహం ఉన్నవారు దాని సంగతి చూసుకోవాలి.

పత్తిగింజ మరో రకంగానూ ఈ కథలోకి వచ్చింది. ముడి నూనెలో ఉండే గాసిపాల్ అనే విషపదార్థాన్ని, గ్లయోమా తిరగబెట్టిన 27 మంది రోగులకు అమెరికాలో ఇచ్చి చూశారు. 1999లో ప్రచురించిన ఫలితాల్లో కణితి తగ్గింది ఇద్దరికే. శుద్ధి చేసిన నూనెలో గాసిపాల్ దాదాపు ఉండదు, పచ్చి నూనె తాగడం ప్రమాదకరమైన పొరపాటు.

శస్త్రచికిత్సలో తీసిన ముక్కను ల్యాబులో మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఐడీహెచ్, ఎంజీఎంటీ పరీక్షలు ఆ దిమ్మ నుంచి తర్వాతైనా చేయించుకోవచ్చు. ఒక ఊళ్లో ఆపరేషన్, మరో ఊళ్లో రేడియేషన్ జరిగే ఈ ప్రాంతపు రోగులు డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ దిమ్మను కూడా అడిగి తీసుకోవచ్చు.