మాంసం ముక్కకు మంద ఆనవాలు: చెవి ట్యాగు, మందుల పుస్తకం

మాంసం ముక్క ఏ పశువుదో, ఏ మంద నుంచి వచ్చిందో తిరిగి కనిపెట్టే పద్ధతిని ట్రేసబిలిటీ అంటారు. గొర్రె, మేక, గేదె ఏదైనా దీనికి మొదటి ఆధారం చెవి ట్యాగుపై ఉన్న 12 అంకెల సంఖ్య. కబేళాలో తల వేరు చేయగానే ట్యాగు పోతుంది. అందుకే ఆ సంఖ్యను అక్కడే కళేబరానికి, తర్వాత ముక్కల ప్యాకెట్లకు బార్‌కోడ్‌గానో క్యూఆర్ కోడ్‌గానో అంటించాలి. కోత బల్లపై పలు పశువుల మాంసం కలిస్తే లేబుల్‌ను నమ్మలేం. కోసినప్పుడే నమూనా దాచి ఉంచితే డీఎన్‌ఏ పరీక్షతో పోల్చి చూడవచ్చు.

రైతులు పాటించాల్సినవి:

- ట్యాగు ఊడితే పశువైద్యశాలలో చెప్పి కొత్తది వేయించి, నమోదు చేయించండి.
- వాడిన మందు, తేదీ, ట్యాగు సంఖ్య పుస్తకంలో రాయండి.
- మందు లేబుల్‌పై చెప్పిన గడువు ముగిసే వరకు పశువును కోతకు అమ్మవద్దు. గడువు లేకపోతే కనీసం 28 రోజులు ఆగండి.
- అమ్మిన తేదీ, కొన్నవారి పేరు రాసుకోండి.

మాంసంలో మందు అవశేషాలు బయటపడితే ముందుగా అడిగేది పెంచిన రైతునే. అప్పుడు మీకు అండగా నిలిచేది ఈ పుస్తకమే.