చంక్రమణం: ఎక్కడికీ వెళ్ళని నడక

సోణుడు చంపానగరంలో ఒక శ్రేష్ఠి కొడుకు. ఎంత సుకుమారంగా పెరిగాడంటే అరికాళ్ళలో వెంట్రుకలు మొలిచాయట. ఇల్లు వదిలి భిక్షువై, రాజగృహం దగ్గరి సీతవనంలో పట్టుదలగా నడిచాడు. పాదాలు చిట్లి బాటంతా నెత్తురైంది. అది చూసిన బుద్ధుడు వీణ తీగెలు మరీ బిగించినా, మరీ వదులు చేసినా పలకవు కదా అని మందలించి, ఒంటి అట్ట చెప్పులు తొడుక్కోమన్నాడు. సంఘానికంతా ఇస్తేనే నేనూ వేసుకుంటానన్నాడు సోణుడు. అలా భిక్షువులందరికీ చెప్పులొచ్చాయని వినయపిటకం చెబుతోంది.

ఆ నడకే చంక్రమణం, పాళీలో చంకమ. అడుగు వేయడాన్ని చెప్పే 'క్రమ్' ధాతువును రెట్టించి, మళ్ళీ మళ్ళీ అడుగులు వేయడం అనే అర్థంలో పుట్టిన మాట. యాత్రకు ఒక ఊరుంటుంది, ప్రదక్షిణకు మధ్యన ఒక దైవం. దీనికి రెండూ లేవు. ఈ కొస నుంచి ఆ కొసకు పోవడం, తిరిగి రావడం, అంతే.

నడిచే బాటకూ అదే పేరు. దాని కట్టుబడి కథ నాకు మరీ ఇష్టం. నేల ఎగుడుదిగుడుగా ఉండి కాళ్ళు నొప్పెడితే చదును చేయమన్నారు. నీళ్ళు నిలిస్తే అరుగు ఎత్తు చేశారు. అంచులు కూలితే ఇటుకో రాయో కర్రో పేర్చారు. మనుషులు జారి పడితే పిట్టగోడ లేచింది. ఎండకూ చలికీ తాళలేక చివరికి నడక కోసమే ఒక సాల వేశారు. మోక్షమార్గం ఇలా తాపీపని మీదుగా సాగింది!

అంగుత్తరనికాయం ఈ నడకకు ఐదు లాభాలు చెప్పింది: దూరప్రయాణానికి ఓపిక, సాధనకు సత్తువ, ఆరోగ్యం, తిన్నది అరగడం, కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలవడం. 7వ శతాబ్దంలో నలందలో చదువుకున్న చైనా భిక్షువు ఇత్సింగ్ కూడా రోగం తగ్గుతుంది, అన్నం అరుగుతుంది అనే రాశాడు. భోంచేశాక నాలుగడుగులు వెయ్యమనే మన ఇంటి పెద్దల మాట లాగే ఉంది.

ఆ ఐదింటిలో 'నెమ్మది' మాటే లేదు. ఊపిరికి అరడుగు చొప్పున కదలడం జపాన్ సోటో జెన్ మఠాల పద్ధతి. అక్కడ దాని పేరు కిన్‌హిన్. పాదం లేపడం, జరపడం, మోపడం అని విడివిడిగా గమనించే తీరు 20వ శతాబ్దంలో బర్మా గురువు మహాసీ సయాడో వల్ల ప్రచారమైంది. వియత్నాం భిక్షువు తిక్ న్యాట్ హాన్ నెమ్మది నడకను పాశ్చాత్యులకు నేర్పాడు. 1982లో ఫ్రాన్స్‌లో ఆశ్రమం పెట్టాడు. ఇవాళ ధ్యాననడక అనగానే మనకు తోచే ఆ మెల్లదనం, నా లెక్కలో, తర్వాతి తరాల చేర్పు.

బుద్ధగయ మహాబోధి ఆలయం ఉత్తరపు గోడ పక్కన పొడవాటి అరుగొకటి ఉంది. జ్ఞానోదయం తర్వాత మూడోవారం బుద్ధుడు పచార్లు చేసింది అక్కడేనని నమ్మకం. అడుగుజాడలకు గుర్తుగా దాని వెంట రాతి తామరలున్నాయి. యాత్రికులు వాటి మీద పూలు పెట్టి, గుడి చుట్టూ తిరగడానికి వెళ్ళిపోతారు.