విద్యార్థులు తిరిగి వెళ్లాక కూడా నడిచే నీటి పథకాలు

మౌలిక వసతులు లేని పరదేశ గ్రామాలకు తాగునీరు, వంతెనలు, సౌర విద్యుత్తు సమకూర్చే ప్రాజెక్టులను అనేక విశ్వవిద్యాలయాల ఇంజినీరింగ్ విద్యార్థులు చదువులో భాగంగా చేపడుతున్నారు. వారు తిరిగి వెళ్లిన కొన్నేళ్ల తరువాత కూడా కొళాయిలో నీరు వస్తున్నదా లేదా అన్నదే ఈ ప్రాజెక్టులకు గీటురాయి.

కొలరాడో విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ ఆచార్యులైన బెర్నార్డ్ అమాదై 2000లో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశానికి వెళ్లి, శాన్ పాబ్లో గ్రామాన్ని సందర్శించారు. అక్కడ విద్యుత్తు గాని, కొళాయి నీరు గాని లేవు. నీళ్లు మోసే పని పిల్లలపై పడటంతో వారు బడికి దూరమయ్యారు. మరుసటి ఏడాది ఆయన ఎనిమిది మంది విద్యార్థులతో తిరిగి వెళ్లి, సమీపంలోని జలపాతపు శక్తితో నడిచే నీటి సరఫరా వ్యవస్థను గ్రామస్థుల శ్రమతో నిర్మించారు. ఈ అనుభవం నుంచే 2002లో ‘ఇంజినీర్స్ వితవుట్ బోర్డర్స్ - యూఎస్ఏ’ సంస్థ ఏర్పడింది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో మన్రో వెబర్-షర్క్ 2005లో ప్రారంభించిన ‘అగ్వాక్లారా’ కార్యక్రమం హోండురాస్ పట్టణాలకు నీటి శుద్ధి కేంద్రాలను రూపొందించింది. వీటికి విద్యుత్తు అవసరం లేదు. ఎత్తు నుంచి పల్లానికి పారే నీటి వేగమే యంత్రాల పని చేస్తుంది. బురద నీటిని పటికతో తేర్చే పాత పద్ధతే ఇక్కడ శాస్త్రీయమైన కొలతలతో అమలవుతుంది. నీటి ప్రవాహం హెచ్చినా తగ్గినా మందు మోతాదు దానికి తగినట్లు మారేలా తేలుడు బిళ్ల, మీటలతో ఒక సాధనాన్ని అమర్చారు. స్థానికంగా శిక్షణ పొందిన వ్యక్తే కేంద్రాన్ని నడుపుతారు. ఈ సాంకేతికతను ఝార్ఖండ్‌లోని కొన్ని గ్రామాలలోనూ వినియోగించారు.

అయితే సదుద్దేశంతో చేపట్టిన పనులన్నీ నిలవవు. సహారా దిగువ ఆఫ్రికా దేశాలలో చేతిపంపుల్లో మూడోవంతుకు పైగా పనిచేయడం లేదని గ్రామీణ నీటి సరఫరా నిపుణుల వేదిక ఒకటి 2009లో అంచనా వేసింది. విడిభాగాలు దొరకకపోవడం, మరమ్మతు తెలిసినవారు, అందుకు తగిన నిధి లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. ‘ఇంజినీర్స్ వితవుట్ బోర్డర్స్ - కెనడా’ 2008 నుంచి తన వైఫల్యాలపై తానే నివేదికలు ప్రచురించింది.

ఈ పాఠాల ఫలితంగా పని తీరు మారింది. ముందుగా గ్రామస్థులే తమ అవసరాన్ని గుర్తించాలి. నిర్మాణ వ్యయంలో కొంత భాగం వారు భరిస్తారు. అమెరికా సంస్థ తన విద్యార్థి బృందాలు ఒకే గ్రామంతో కనీసం ఐదేళ్లు కలిసి పనిచేయాలని నిర్దేశించింది. నీటి సంఘం, నెలవారీ రుసుము, దగ్గరి బజారులో దొరికే సామగ్రి కూడా ప్రణాళికలో చేరాయి. పంపు చెడిన రోజున దాన్ని బాగుచేయగల మనిషి ఆ ఊరిలోనే ఉంటే పథకం నిలుస్తుంది.