నాయకుడి మహిమా, ఉక్కు ధరా?

మాంద్యం రాగానే "గట్టి నాయకుడు కావాలి" అంటారు మా భిలాయిలో. అలా అడిగేవాళ్ళం రేపు ఎవరికి ఓటేస్తామో అని నా దిగులు. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి కదా, మహిమల్ని కూడా లెక్కల్లో వెతుకుతాను.

1997 ఆసియా సంక్షోభంతో ఉక్కు ధరలు కూలాయి. భిలాయి కర్మాగారాన్ని నడిపే సెయిల్ సంస్థకు 1998-99లో 1,574 కోట్ల నష్టం, మరుసటి ఏడు 1,720 కోట్లు. 2003-04 వచ్చేసరికి 2,512 కోట్ల లాభం! ఈ మూడేళ్ళలోనూ ప్రధాని వాజపేయిగారే. మనిషి మారలేదు, మారింది చైనా గిరాకీ, దాంతో పెరిగిన ధర. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బలమంటామా?

అలాగని ప్రభుత్వం చేసిందేమీ లేదనను. 2000లో సంస్థ అప్పుల భారం తగ్గించింది. స్వచ్ఛంద పదవీ విరమణల్తో ఉద్యోగాలూ తగ్గాయి. ప్రపంచ ధర నాయకుడి చేతిలో ఉండదు. కష్టం వచ్చినప్పుడు కోత ఎవరిమీద పడాలన్నది మాత్రం అతని చేతిలోదే.

ఓట్లడగడానికి వచ్చినవాణ్ణి "మాంద్యం పోగొడతావా?" అని కాక, "అది ఉన్నన్నాళ్ళూ ఎవరి కూడు తగ్గిస్తావు?" అని అడగండి. దీనికి జవాబు చెప్పాక, అయిదేళ్ళకి సరిచూసుకోవచ్చు.