విశాఖలో జమాఖర్చుల చదువు – మన పిల్లల భవిష్యత్తు



ప్రతి ఏడూ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు మన వాళ్ల నోట ఒక మాట వింటూ ఉంటాము. "అబ్బాయికి ఇంజనీరింగు సీటు రాలేదండీ. చేసేదేముంది, బి.కాం.లో పడేశాం." ఈ "పడేశాం" అనే మాట మమ్మల్ని బాధిస్తూ వస్తున్నది. ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి పౌర గ్రంథాలయం వైపు నడిస్తే మేడమేడకూ ఒక కోచింగు బోర్డు కనబడుతుంది. బ్యాంకు పరీక్షలు, సి.ఏ., సి.ఎం.ఏ., ఎం.బి.ఏ. ప్రవేశ పరీక్ష... ఎక్కడెక్కడి ఊళ్ల పిల్లలో వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నారు. మన పిల్లలు ఆ బోర్డుల కిందుగానే నడిచిపోతున్నారు గాని మెట్లెక్కే వారు తక్కువ. కాబట్టి ఈ సంవత్సరం ప్రత్యేక సంచికలో వాణిజ్య విద్య చరిత్రను, అందులో మన పాత్రను గురించి నాలుగు మాటలు రాయదలచినాము.

మాటలు మనవే

ముందుగా తెలుగువారి లెక్కల పుస్తకం తెరిచి చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, రసీదు, కిస్తు, జామీను, తనఖా, ఖజానా, బీమా – ఇవన్నీ అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలు. ఖజానాలో నాణేలు పరీక్షించే "షరాబు" కూడా అరబ్బీ "సర్రాఫ్" నుంచి వచ్చినవాడే. "అసలూ వడ్డీ" అంటాము గదా, అందులో అసలు అరబ్బీ మాట, వడ్డీ సంస్కృతపు "వృద్ధి" నుంచి వచ్చిన మాట. రెండూ ఒకే పద్దులో పక్కపక్కనే కూర్చున్నవి.

ఇది ఊరికే జరిగినది కాదు. 1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కాలంలో మన తీరానికి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. పర్షియా వర్తకులు, తెలుగు కోమట్లు, ఐరోపా కంపెనీల వారు అక్కడ వ్యాపారం చేసేవారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వారు కోటీ పెట్టినది ఆ బందరులోనే. తర్వాత గోల్కొండ మంత్రి అయిన మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చినవాడు. ఆఖరి సుల్తాను తానీషా కొలువులో రాజ్యపు జమాఖర్చులు చూసినది అక్కన్న మాదన్నలు. రాజు ముసల్మాను, లెక్క రాసినది బ్రాహ్మణులు, లెక్కలో మాటలు పారశీకం, పన్ను కట్టినది తెలుగు రైతు. కాబట్టి "లెక్కలు మనకు అచ్చిరావు" అనే మాట చరిత్రకు నిలవదు.

ఒక అకౌంటెంటు కథ

మన పిల్లలకు తప్పక చెప్పవలసిన పేరు సర్ అక్బర్ హైదరీ. 1869లో బొంబాయిలో పుట్టిన ఈయన 1888లో భారత ప్రభుత్వపు ఆర్థిక శాఖలో చేరినాడు. లెక్కలు, ఆడిటు ఆయన వృత్తి. 1905లో హైదరాబాదు సంస్థానానికి అకౌంటెంట్ జనరల్‌గా వచ్చినాడు. తర్వాత ఆర్థిక మంత్రి, 1937లో ప్రధాన మంత్రి అయినాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ఆయన సమర్పించిన విజ్ఞప్తి పత్రం మూలం. దేశభాష అయిన ఉర్దూలో పై చదువులు చెప్పిన ఆ విశ్వవిద్యాలయం వెనుక ఒక లెక్కల మనిషి ఉన్నాడన్నది గమనించదగిన విషయం. 1941లో మొదలైన హైదరాబాదు స్టేట్ బ్యాంకు కూడా ఆ కాలపు ఫలమే. అది తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయినది.

వాల్తేరు, రేవు, బ్యాంకు

ఇక మన ఊరి సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో కట్టమంచి రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్షులుగా బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరినది. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు నడిపినారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి విరాళాలు దానికి ఊపిరి పోసినవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన తరువాత కొంతకాలం గుంటూరుకు తరలిపోయి, మళ్లీ కొండకు తిరిగివచ్చినది. దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు ఎం.బి.ఏ. అనే మాట వినక మునుపే, 1950ల ఆఖరులోనే, ఆ కోర్సు ప్రారంభించిన కొద్దింటిలో ఇది ఒకటి.

ఆ చదువుకు గిరాకీ పుట్టించినది మన రేవు. 1933 అక్టోబరులో సింధియా కంపెనీ వారి "జలదుర్గ" రేవులోకి వచ్చినది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించినారు. దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, రాస్ హిల్ మీది చర్చి – మూడూ చూస్తుండగా ఓడలు లోపలికి రావడం మొదలైనది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన, 1948లో "జల ఉష" జలప్రవేశం, 1957లో కాల్టెక్సు చమురు శుద్ధి కర్మాగారం, 1976లో ఔటర్ హార్బరు వరుసగా వచ్చినవి.

ఓడ వచ్చిందంటే కళాసీలకు, కూలీలకు పని అని మనందరికీ తెలుసు. కాని ఒక్క ఓడ వెనుక ఎంత కాగితం ఉన్నదో ఆలోచించండి. సరుకు ఎక్కించినట్టు బిల్ ఆఫ్ లేడింగ్, బ్యాంకు హామీగా లెటర్ ఆఫ్ క్రెడిట్, సరుకు రేవు దాటినందుకు వార్ఫేజి, గడువు మించితే డెమరేజి, కస్టమ్సు సుంకం, బీమా. ఓడ రెండు రోజులు ఆలస్యమైతే నష్టం ఎవరి పద్దులో పడాలో తేల్చేది లెక్కల మనిషే. మన తాతలు, తండ్రులు అనేకులు ఆ రేవులో చెమటోడ్చినారు. దానికి మేము గర్విస్తాము. కాని బస్తా మోసిన వాడు, బస్తాలు లెక్కపెట్టిన వాడు, ఆ లెక్కను పుస్తకంలోకి ఎక్కించిన వాడు – ఈ ముగ్గురిలో మూడవ కుర్చీ దగ్గర మన వాళ్లు తక్కువగా కనిపించినారు.

ఇదే కాలంలో బ్యాంకులు పెరిగినవి. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు స్థాపించినారు. 1956లో జీవిత బీమా సంస్థ ఏర్పడినది. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమైనవి. 1980లో మరి ఆరు, అందులో ఆంధ్రా బ్యాంకు ఒకటి. అది 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. జాతీయకరణ తర్వాత పల్లెపల్లెకూ శాఖలు తెరిచినారు. గుమాస్తాలు, ఆఫీసర్లు వేల సంఖ్యలో కావలసి వచ్చినారు. ఒక తరం మధ్యతరగతి కుటుంబాలు ఆ తలుపుల గుండా పైకి వచ్చినవి. ఆ ఇరవై ఏళ్లలో మనవాళ్లు కొద్దిమందే దరఖాస్తు పెట్టినారు.

మాలో ఒకరి సంగతి

మాలో ఒకరు 1970లలో బి.కాం. పాసైనారు. ఊళ్లో ఒక ఆడిటరు గారు ఆర్టికల్ క్లర్కుగా తీసుకుంటామన్నారు. ఇంట్లో చెబితే, రేవులో పనిచేసే తండ్రి, "మూడేళ్లు జీతం లేకుండానా బేటా? వెనకాల నలుగురున్నారు" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. పక్కింటి పెద్దాయన ఇంకో మాట కలిపినాడు: "వడ్డీ లెక్కలు రాసే బతుకు మనకెందుకు?" దాంతో ఆయన ఒక వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తాగా చేరినారు. ముప్ఫై ఏళ్లు సరుకు చీటీల మీద సంతకాలు పెట్టినారు. ఆ చీటీలన్నీ కూడి, ఏ మాలు ఎంతకు పడింది, ఏది కొనాలి, ఏది మానాలి అని నిర్ణయించిన మనిషి పై అంతస్తులో ఉండేవాడు. ఆయన, ఈయన ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద చదివినవారే. ఈయన ఎవరినీ నిందించరు. కాని ఇప్పుడు మనవరాలు కామర్సు చదువుతానంటే మొదటి ఫీజు తానే కట్టినారు.

వడ్డీ ప్రశ్న

పక్కింటి పెద్దాయన మాటను కూడా తేలికగా తీసివేయలేము. రిబా మన దీన్‌లో నిషిద్ధం. బ్యాంకు ఉద్యోగం విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నవి, తీర్పు చెప్పడం మా పని కాదు. అయితే ఒక సంగతి మరవరాదు. పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, సూరె బఖరాలోని 282వది, అప్పును గడువుతో సహా న్యాయంగా రాసి పెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పేదే. రాయగలవాడు రాయడానికి నిరాకరించరాదని కూడా అందులోనే ఉన్నది. అంటే లెక్క రాయడం మనకు పరాయిది కాదు.

మనసు ఒప్పని వారికి వడ్డీతో పని లేని దారులు అనేకం ఉన్నవి. కర్మాగారంలో ఉత్పత్తి ఖర్చు లెక్క, ఆడిటు, పన్నుల సలహా, ప్రభుత్వ ఖజానా, రేవు లెక్కలు, ఆసుపత్రుల, కాలేజీల అకౌంట్సు. ప్రపంచంలో వడ్డీ లేని బ్యాంకింగు కూడా ఒక వృత్తిగా పెరిగినది. దుబాయి ఇస్లామిక్ బ్యాంకు, జెద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు రెండూ 1975లో పనిలోకి దిగినవే. మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమన్నది గాని, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినది.

ఉక్కు నేర్పిన పాఠం

లెక్కల చదువు ఎందుకో తెలియాలంటే మన ఉక్కు కర్మాగారాన్ని చూడండి. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్నాము. 1971 జనవరిలో శంకుస్థాపన, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. కొలిమి మంచిదే, పనివారు మంచివారే. కాని సొంత ఇనుప గని లేక ఖనిజం బయట ధరకు కొనవలసి రావడం, అప్పుల మీద వడ్డీ భారం – ఈ రెండూ దానిని కుంగదీసినవి. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. కార్మికులు వీధికెక్కినారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చినది. మన బంధుమిత్రుల ఉద్యోగాలు ఒక బ్యాలెన్సు షీటు మీద ఊగినవి. ఆ కాగితాన్ని చదవగలవారు మన ఇళ్లలో ఎంతమంది?

చిన్న ఉదాహరణ ఇంకొకటి. మన వాళ్ల మెకానిక్ షాపులు, మాంసం దుకాణాలు, స్క్రాపు వ్యాపారాలు నగరంలో అనేకం. "సరుకుంది, బేరముంది, చేతిలో నగదు లేదు" అంటారు. డబ్బంతా ఉద్దెరలోనూ గోడౌనులోనూ ఇరుక్కుపోవడమే దాని అర్థం. వర్కింగ్ క్యాపిటల్ అని కాలేజీలో చెప్పే పాఠం ఇదే.

ఏ దారిలో ఏమున్నది

బి.కాం. ఒక్కటే చాలదని ముందే చెప్పుకోవాలి. అది తలుపు మాత్రమే, దాని వెనుక దారులివి.

సి.ఏ.: 1949 చట్టంతో ఏర్పడిన సంస్థ. ఇంటర్ తర్వాత ఫౌండేషన్, ఆపైన ఇంటర్మీడియట్, ఫైనల్. కామర్సు డిగ్రీలో 55 శాతం వస్తే ఫౌండేషన్ లేకుండా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023 కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్పు రెండేళ్లకు తగ్గినది. ప్రతి పేపరులో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. తప్పేవారే ఎక్కువ, రెండు మూడుసార్లు కూర్చోవడం సిగ్గుపడే విషయం కాదు.

సి.ఎం.ఏ.: 1959 చట్టం కింది సంస్థ. కర్మాగారాల ఊరైన విశాఖకు సరిపోయిన చదువు. ఉత్పత్తి ఖర్చు తేల్చడం దీని సారం.

బ్యాంకులు: 2011 నుంచి ఐ.బి.పి.ఎస్. వారు ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. ఏ డిగ్రీ అయినా సరే.

ఎం.బి.ఏ. ఫైనాన్సు: ఐసెట్ ద్వారా సీటు. 2007 చట్టం ప్రకారం బి.సి.–ఇ తరగతుల వారికి 4 శాతం రిజర్వేషను ఉన్నది. వ్యాజ్యం నడుస్తున్నా 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో సాగుతూ వస్తున్నది. సర్టిఫికెట్టు ముందుగానే తీయించి ఉంచుకోండి.

2006లో సచార్ కమిటీ దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు, పి.జి.లో 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని లెక్క చెప్పినది. ఆ లెక్క మారాలంటే మన ఇళ్లలో నుంచే మారాలి.

చివరి మనవి

తల్లిదండ్రులకు మా విన్నపం రెండే. కామర్సును మిగిలిపోయిన చదువుగా చూడకండి. ఆడపిల్లలను ఈ చదువుకు ప్రోత్సహించండి. సొసైటీ పెద్దలకు ఒక మనవి: మన స్కాలర్‌షిప్పులు పరీక్ష ఫీజు దగ్గరే ఆగిపోతున్నవి. ఆర్టికల్‌షిప్పు చేసే పిల్లవాడికి ఆ రెండేళ్లు నెలనెలా కొంత సాయం అందితే, "జీతం లేకుండానా బేటా" అని ఏ తండ్రీ అనవలసిన అవసరం రాదు. మన సభ్యులలో ఆడిటర్లు, బ్యాంకు ఆఫీసర్లు, రిటైరైన అకౌంట్సు ఉద్యోగులు నెలకు ఒక ఆదివారం పిల్లలకు కేటాయిస్తే ఇంకేం కావాలి? వచ్చే ఏడు సంచికలో మన పిల్లల పేర్లు ఉత్తీర్ణుల జాబితాలో అచ్చు వేసుకునే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.